బొమ్మ మీద ఉన్నదంతా ఇవ్వండి

బట్టల షాపు ముందరి అద్దాల గదిలో మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పట్టుకుని, బొమ్మకి నల్ల డెనిమ్ జాకెట్ తొడుగుతోంది ఆ అమ్మాయి. బొమ్మల చేతులు వంగవు. ఒక చెయ్యి ఊడదీసి, జాకెట్ చేతిలోంచి దూర్చి, మళ్ళీ భుజానికి బిగించాలి. ఊడిన చెయ్యి ఆమె చంకలో ఉండగా వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు.

"ఏవండీ, ఆ జాకెట్ కావాలండీ."

నోటి నిండా సూదులున్నాయి. మాట్లాడే వీల్లేదు. చంకలోని బొమ్మ చెయ్యి తీసి, దాంతోనే జాకెట్లు వేలాడుతున్న రాక్ వైపు చూపించింది.

అతను ఆ చేతి వంక చూశాడు, రాక్ వంక చూశాడు. కదల్లేదు.

"జాకెట్ ఒక్కటే కాదండీ. బొమ్మ మీద ఉన్నదంతా ఇవ్వండి. లోపలి టీ షర్టు, ఆ ప్యాంటు, బెల్టు, బూట్లు. అన్నీ."

ఆమె సూదులు తీసి అరచేతిలో పోసుకుంది. "అన్నీనా?"

"అన్నీ."

"ప్యాంటు మాత్రం కొంచెం లేత రంగుది తీసుకుంటే మీకు ఇంకా..."

"వద్దండీ. అచ్చం అలాగే కావాలి."

ఆ 'అచ్చం' అనేమాట కొంచెం కంగారుగా అన్నాడు. పొడుగ్గా ఉన్నాడు, నవ్వు ముఖం. వేసుకున్న బూడిద రంగు స్వెటర్ మీద పిల్లి వెంట్రుకలు. అదే వీధి చివర జంతువుల క్లినిక్ నడిపే డాక్టరు అతను. నల్ల జాకెట్ మీద ఈ వెంట్రుకలు ఇంకెంత కనపడతాయో అనుకుని, సంచీలో ఒక బట్టల బ్రష్ కూడా పడేసింది.

షాపులో అందరూ ఆమెని 'బొమ్మలమ్మాయి' అంటారు. చాలాకాలం కౌంటరు వెనక చొక్కాలు మడతపెట్టింది. ఖాళీ దొరికినప్పుడల్లా బొమ్మల బట్టలు సరిచేస్తూ ఉంటే చూసి, అద్దాల గది అలంకరణ ఆమెకే ఇచ్చారు. అదీ ప్రస్తుతానికి మాత్రమే. హెడ్డాఫీసు మేడం వచ్చి చూసి, నచ్చిందంటే ఆ ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే మళ్ళీ మడతలే.

అందుకే ఈ నల్ల డెనిమ్ జాకెట్‌ని నమ్ముకుంది. మనిషి దగ్గర అది ఒక్కటి ఉంటే చాలు, ఇంట్లో ఉన్న పాత బట్టలే రోజుకో కొత్త రకంగా వేసుకోవచ్చునని ఆమె వాదం. తెల్ల చొక్కా మీద వేస్తే ఆఫీసుకి. పొడుగు గౌను మీద వేస్తే విందుకి. చేతులు పైకి మడిచి టీ షర్టు మీద వేస్తే షికారుకి. వారానికోసారి బొమ్మల లోపలి బట్టలు మారేవి, జాకెట్ మాత్రం అదే.

మగ బొమ్మ బట్టలు మారిన రోజే డాక్టరు మళ్ళీ ప్రత్యక్షం.

"ఇదీ ఇవ్వండి. ఈ స్వెటర్, ఈ ప్యాంటు, మఫ్లరు కూడా."

ఆ తర్వాత వారం గళ్ళ చొక్కా. అది కూడా మొత్తం. కౌంటరు దగ్గర బిల్లు వేసే అక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏమే, నీ బొమ్మకి కవల తమ్ముడు పుట్టుకొచ్చాడే! పొద్దున్నే వీధిలో వెళ్తుంటే నువ్వే అతన్ని అలంకరించి పంపావనుకున్నా."

బొమ్మలమ్మాయికి పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ సాయంత్రం అతను రాగానే అనేసింది.

"డాక్టరు గారూ, ఒక మాట అడగనా? ఆ బొమ్మకి తలకాయ లేదు. మీకుంది. కాస్త వాడొచ్చు కదా?"

అతను పగలబడి నవ్వాడు. "నా తలకాయ కుక్కలకీ పిల్లులకీ సరిపోతోందండీ. బట్టల సంగతి మీ బొమ్మకి అప్పజెప్పా."

"బొమ్మ కాదు ఆలోచించేది. నేను."

"తెలుసండీ," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు నవ్వు లేదు. చూపు ఆమె మీదే ఉంది. ఆమె చేతిలో హాంగర్ జారి కిందపడింది. ఇద్దరూ ఒకేసారి వంగారు, ఇద్దరి తలలూ 'టప్పు'మన్నాయి.

"చూశారా, తలకాయ వాడాను!" అన్నాడు తల రుద్దుకుంటూ.

అప్పట్నుంచి బొమ్మ మారని రోజుల్లో కూడా రావడం మొదలైంది. సాక్సులు కావాలంటాడు. రుమాలు కావాలంటాడు. చిలకకి జలుబు చేస్తే దాని యజమాని ఎలా ఏడ్చాడో చెప్పి నవ్విస్తాడు. వాన కురిసే సాయంత్రాల్లో గొడుగు ఉండి కూడా "కాస్త తగ్గనివ్వండి" అని తలుపు దగ్గరే నిలబడిపోతాడు. వాన ఎప్పుడు తగ్గిందో ఇద్దరికీ తెలిసేది కాదు. కౌంటరు అక్కకి మాత్రం తెలిసేది.

మేడం వచ్చే రోజు ఖాయమైంది. బొమ్మలమ్మాయికి ఒక ఆలోచన వచ్చింది. బొమ్మల పక్కన ఒక నిజం మనిషిని నిలబెడితే? షాపులో కొన్న జాకెట్, మిగతావన్నీ అతని సొంత బీరువాలోవి. తను ఇన్నాళ్ళూ చెబుతున్నది అక్కడే రుజువైపోతుంది.

"నేనా?" అన్నాడు డాక్టరు. ముఖంలో సంతోషం, బెదురు రెండూ కనిపించాయి.

"మీరే. లోపల బూడిద రంగు చొక్కా, కింద గోధుమ రంగు ప్యాంటు. ఇంట్లో ఉన్నాయా?"

కాసేపు ఆలోచించాడు. "ఉన్నాయి. ఆ చొక్కా అంటే నాకు చాలా ఇష్టం కూడా."

"ఇంకేం! నా ఉద్యోగం మీ చేతుల్లో పెడుతున్నా."

ఆ రోజు మేడం కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో బొమ్మ ముందూ ఆగి చూసింది. తల ఊపింది. రెండుసార్లు "బాగుంది" అంది. బొమ్మలమ్మాయి గుండె కుదుటపడుతున్న సమయానికి తలుపు తెరుచుకుంది.

డాక్టరు లోపలికొచ్చాడు. నల్ల జాకెట్, బ్రష్ చేసి నిగనిగలాడుతోంది. దాని లోపల గులాబీ రంగు చొక్కా. కింద ఆకుపచ్చ ప్యాంటు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు అంటుకుని షాపంతా పాకింది. మేడం కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇతనేనా నువ్వు బొమ్మల పక్కన నిలబెడతానన్న మనిషి?" అని అడిగి, "ఇంకొన్నాళ్ళు చూద్దాంలే అమ్మా," అని బొమ్మలమ్మాయి భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అతన్ని బట్టలు మార్చుకునే గదుల వైపు లాక్కెళ్ళింది.

"మీకిది ఆటలా ఉందా? నా పని మీకు వేళాకోళమా?"

"ఏమైందండీ?"

"ఏమైందా? అద్దంలో చూసుకోండి!"

అతను చూసుకున్నాడు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. ముఖంలో ఏమీ మారలేదు. అది చూసి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది.

"నవ్వించాలనుకున్నారు, నవ్వించారు. ఇంక వెళ్ళండి. సాక్సులకీ రుమాళ్ళకీ వేరే షాపులున్నాయి."

అతను బయట ఇంకా నవ్వుతున్నవాళ్ళ వైపు ఒకసారి చూశాడు.

"క్షమించండి," అని మాత్రం అని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత బొమ్మ మారింది. అతను రాలేదు. మళ్ళీ మారింది. రాలేదు. వాన పడుతుంటే తలుపు వైపు చూసినందుకు ఆమె తనని తానే తిట్టుకునేది. "అతను రాకపోతే నీకేం?" అనడిగింది కౌంటరు అక్క. "నాకేం లేదు," అని చెప్పి, ఒకే చొక్కాని రెండుసార్లు మడతపెట్టింది.

బొమ్మలమ్మాయిని చిన్నప్పటి నుంచీ పెంచింది మేనత్త. అత్తయ్యకి ప్రాణంతో సమానమైనవి రెండే: మేనకోడలు, బండోడు. బండోడంటే ఆవిడ కుక్క. పేరుకి తగ్గట్టే ఉంటాడు, దొరికిందల్లా తింటాడు. ఒక మధ్యాహ్నం, సెలవు రోజున బొమ్మలమ్మాయి ఇంట్లో కూర్చుని తన జాకెట్‌కి ఊడిన ఇనప బొత్తం కుడదామని పక్కన పెట్టుకుంది. సూదిలో దారం ఎక్కించి చూసేసరికి బొత్తం లేదు. బండోడు మూతి నాక్కుంటున్నాడు.

"మింగేశాడే తల్లీ! నా బంగారం మింగేశాడు!" అని అత్తయ్య గోల. "పరిగెత్తు, నాకు మోకాళ్ళు సహకరించవు. మీ షాపు వీధిలో ఎవరో డాక్టరున్నాడన్నావుగా!"

ఇంకో దారి లేదు. బండోణ్ణి రెండు చేతులా ఎత్తుకుని, ఒగరుస్తూ క్లినిక్ తలుపు భుజంతో తోసింది. నర్సమ్మ భోజనానికి వెళ్ళినట్టుంది, డాక్టరు ఒక్కడే ఉన్నాడు. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"బొత్తం మింగాడు," అంది.

ఆ మాటతో అతను మొత్తం డాక్టరైపోయాడు. బండోణ్ణి బల్ల మీదికి ఎత్తి, పొట్ట నొక్కి, గుండె చప్పుడు విన్నాడు. తర్వాత కుక్క పైపెదవి మెల్లగా ఎత్తిపట్టి ఆమె వైపు తిరిగాడు.

"మా నర్సమ్మ లేదు. మీరు రంగులతో పనిచేసే మనిషి. చూసి చెప్పండి. చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయా, పాలిపోయి ఉన్నాయా?"

ఈ సమయంలో కూడా ఎగతాళేనా అని చురుక్కుమంది ఆమెకి. "మీకు కనపడట్లేదా?"

"చెప్పండి, తొందరగా."

అతని గొంతులో ఎగతాళి లేదు. ఆమె వంగి చూసింది. "గులాబీ రంగే. అచ్చం ఆ రోజు మీరు వేసుకొచ్చిన చొక్కా రంగు."

"అమ్మయ్య, అయితే పరవాలేదు," అని ఊపిరి వదిలి, ఆగాడు. "చొక్కానా? నా చొక్కా బూడిద రంగు కదండీ."

ఆమె తలెత్తి అతని ముఖంలోకి చూసింది. అతను నిజంగానే అడుగుతున్నాడు.

బండోడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి ఆవలించాడు.

"డాక్టరు గారూ," అంది మెల్లగా, "మీ ప్యాంటు ఏ రంగు?"

"గోధుమ..." అని, ఆమె ముఖం చూసి మిగతాది మింగేశాడు. "కాదన్నమాట."

"ఆకుపచ్చ."

అతను స్టూలు మీద కూలబడ్డాడు. తర్వాత తనలో తనే నవ్వుకున్నాడు. "అందుకా అందరూ నవ్వింది! నేను జిప్పు సరిగ్గా ఉందో లేదోనని కంగారుపడి చచ్చానండీ."

ఎక్స్‌రేలో బొత్తం గుండ్రంగా కనిపించింది. ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికే బండోడు దాన్ని కక్కేసి, ఏ పాపం ఎరగనట్టు తోక ఊపాడు. సాయంత్రం దాకా ఉంచి చూడాలన్నాడు డాక్టరు. ఆమె కూర్చుంది. బయట వాన మొదలైంది.

"నాకు పుట్టినప్పటి నుంచీ ఇంతే," అని చెప్పాడు అతను చేతులు తుడుచుకుంటూ. "ఎరుపు, ఆకుపచ్చ, గోధుమ అన్నీ కలిసిపోతాయి. గులాబీ రంగు బూడిదలా ఉంటుంది. బట్టలన్నీ మా అక్కే కొనేది, జతలు కట్టి బీరువాలో పెట్టేది. అక్కకి పెళ్ళై వెళ్ళిపోయాక ఏది దేని మీదకో తెలిసేది కాదు. ఆ టైములో మీ అద్దాల గది కనిపించింది. బొమ్మ ఎలా వేసుకుంటే అలా వేసుకుంటే ఎవరూ నవ్వరు కదా అనుకున్నా."

"మరి ఆ చొక్కా?"

"అక్క లేకుండా నా అంతట నేను కొనుక్కున్న మొదటి చొక్కా. మంచి బూడిద రంగు దొరికిందని ఎంత మురిసిపోయానో!"

ఆమెకి నవ్వొచ్చింది, ఆపుకుంది. "నాకు ముందే చెప్పొచ్చు కదా?"

"చెప్తే అందరూ చేతికి దొరికింది చూపించి ఇదేం రంగు, అదేం రంగు అని పరీక్ష పెడతారండీ. చిన్నప్పటి నుంచీ అంతే. మీ దగ్గర కూడా అదే అవుతుందని..."

సరిగ్గా అదే ప్రశ్న ఆమె నాలుక చివర ఉంది. తన స్కార్ఫు కొస పట్టుకుని ఉన్న చేతిని చప్పున దించేసుకుంది.

"పరీక్ష పెట్టను. నేనే తప్పు చేశా. అడక్కుండా అరిచేశా," అంది. "అయితే మీరు షాపుకి వచ్చేది బొమ్మ కోసమన్నమాట."

"మొదటిసారి బొమ్మ కోసమే," అన్నాడు. "రెండోసారి నుంచి కాదు."

ఆమె బండోడి చెవులు అవసరానికి మించి నిమిరింది.

"మీకు బాగా కనపడేవి ఏవి?" అని అడిగింది చివరికి.

ఇలాంటి ప్రశ్న అతన్ని ఎవరూ అడిగినట్టు లేదు. "నీలం. పసుపు. ఆ రెండూ మాత్రం పేరు పెట్టి పిలిచినట్టు కనిపిస్తాయి."

మర్నాడు షాపు తెరవకముందే బొమ్మలమ్మాయి అద్దాల గదిలోకి దూరింది. ఎరుపులు, ఆకుపచ్చలు, మెరూన్లు అన్నీ తీసేసింది. ఒక బొమ్మకి ముదురు పసుపు టీ షర్టు, ముదురు నీలం జీన్స్, పైన నల్ల డెనిమ్ జాకెట్, చేతులు మోచేతి దాకా మడిచి. ఇంకోదానికి లేత నీలం పొడుగు గౌను, జాకెట్ భుజాల మీద ఊరికే వేసి. మరోదానికి పసుపు ఫ్రాకు, జాకెట్ నడుముకి కట్టి. వెనక గోడంతా తెల్లటి గుడ్డ. మూడు బొమ్మల మధ్యా నల్లటి జాకెట్లు నిలబడితే, పసుపు ఎండలా, నీలం చెరువులా వెలిగాయి.

"ఇదేంటే, రెండే రంగులా?" అంది కౌంటరు అక్క.

"రెండు చాలక్కా."

చినుకులు పడుతున్నాయి. వీధి అవతలి వైపు నుంచి గొడుగు వేసుకుని క్లినిక్‌కి పోతున్న డాక్టరు అలవాటుగా తల తిప్పాడు. ఆగిపోయాడు. గొడుగు మెల్లగా పక్కకి వాలిపోయింది. వాన ముఖం మీద పడుతున్నా పట్టించుకోలేదు. పసుపు బొమ్మ వెనక దాక్కున్న అమ్మాయి దాని భుజం మీంచి తొంగిచూసింది.

తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏం కావాలండీ? బొమ్మ మీద ఉన్నదంతానా?" అంది ఆమె, గొంతు మామూలుగా పెట్టడానికి తెగ ప్రయత్నిస్తూ.

"కాదండీ. ఆ పసుపు టీ షర్టు ఒక్కటే. దాని మీదకి ప్యాంటు నేనే ఎంచుకుంటా."

రాకుల మధ్య చాలాసేపు తిరిగాడు. ఒకటి తీశాడు, పెట్టేశాడు. ఇంకోటి తీశాడు. చివరికి లేత నీలం జీన్స్ పట్టుకుని వెళ్ళి, అన్నీ వేసుకుని, పైన తన నల్ల జాకెట్ తొడుక్కుని బయటికొచ్చాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసి చూసింది. కాలరు సరిచేయబోయి, చెయ్యి వెనక్కి తీసుకుంది. సరిచేయాల్సింది ఏమీ లేదు.

"బాగుంది."

"నిజంగానా? నా మీద జాలితో అంటున్నారా?"

"నా పనిలో నేనెవరి మీదా జాలిపడను."

అతను నవ్వాడు. తర్వాత అద్దాల గది వైపు చూశాడు. "అదంతా నా కోసం పెట్టారా?"

"షాపు కోసం."

"అబద్ధం."

"సగం," అంది తల దించుకుని.

"ఇన్నాళ్ళూ ఆ అద్దం బయట నిలబడి, లోపలి రంగులు ఎలా ఉంటాయోనని ఊహించుకునేవాణ్ణి. ఇవాళ ఊహించుకునే పనే లేకపోయింది." ఒక అడుగు ముందుకేశాడు. "మీరంటే నాకు ఇష్టమండీ. చాలా. ఇంతకంటే బాగా చెప్పడం రాదు."

"ఇంతకంటే బాగా ఎందుకు?" అంది ఆమె. "నాకూ అంతే."

కౌంటరు దగ్గర అక్క గట్టిగా దగ్గింది. "బిల్లు వేయమంటారా, ఇంకాసేపు ఆగమంటారా?"

ఆ వారమంతా ఆ అద్దాల ముందు జనం ఆగి చూశారు. జాకెట్లు రాకుల్లో నిలవలేదు. మేడం మళ్ళీ వచ్చి, ఈసారి నవ్వకుండా చాలాసేపు చూసి, "ఇంక నువ్వు మడతలు పెట్టక్కర్లేదమ్మా," అని చెప్పి వెళ్ళింది.

ఆదివారం సాయంత్రం డాక్టరు వాళ్ళక్కని వెంటబెట్టుకుని అత్తయ్య ఇంటికొచ్చాడు. పసుపు టీ షర్టు, లేత నీలం జీన్స్, నల్ల జాకెట్. వాళ్ళక్క బొమ్మలమ్మాయి చెయ్యి పట్టుకుని వంటింటి వైపు తీసుకెళ్ళి, "ఆ ప్యాంటు వాడే ఎంచుకున్నాట్ట కదా? వారం నుంచీ ఫోన్లో అదే కబురు," అని కళ్ళు ఒత్తుకుంది.

అత్తయ్య ముందుగదిలో అతన్ని కూర్చోబెట్టి ఆరా తీస్తోంది. ఆవిడకి విషయమంతా తెలుసు. అయినా ఒక అనుమానం పీడిస్తోంది.

"అది కాదు బాబూ, మరి టమాటా పండిందో లేదో నీకెలా తెలుస్తుంది?"

"నొక్కి చూస్తానండీ."

అత్తయ్య కాసేపు ఆలోచించింది. "మేమూ నొక్కే చూస్తాంలే," అని ఒప్పుకుంది. బండోడు వచ్చి అతని పాదాల మీద బరువంతా వేసి పడుకున్నాడు. "వీడు మా బంధువుల్లో ఒక్కరి దగ్గరికి కూడా పోడు," అని, మేనకోడలితో వంటింట్లోంచి వచ్చిన వాళ్ళక్క వైపు తిరిగింది. "అమ్మాయ్, మీకు ఇష్టమేనా?"

"నాకు ఇష్టం కాదండీ, ఆత్రం," అంది వాళ్ళక్క.

"అయితే నాకూ సరే." అత్తయ్య మోకాళ్ళు పట్టుకుని లేచి ఇద్దరి తలల మీదా చెయ్యి వేసింది. "చల్లగా ఉండండి. కానీ ఒక్క షరతు. ఈ 'అండీ'లు మానెయ్యండి. మీ మాటలు వింటుంటే ఇంట్లో ఉన్నట్టు లేదు, షాపులో ఉన్నట్టుంది."

ఇద్దరూ సరేనన్నారు. వెళ్ళేటప్పుడు గేటు దాకా వచ్చింది ఆమె. వాన వెలిసింది, చెట్ల మీంచి ఇంకా చుక్కలు రాలుతున్నాయి. అతను గేటు గడియ పట్టుకుని, రెండుసార్లు గొంతు సవరించుకుని, ధైర్యం తెచ్చుకున్నాడు.

"రేపు సాయంత్రం నాతో నడవడానికి వస్తావా?"

"వస్తానండీ," అంది ఆమె.

కిటికీలోంచి అత్తయ్య నుదురు కొట్టుకున్న చప్పుడు గేటు దాకా వినిపించింది.